మీ ఇష్టమండి

ఆరు ఫ్రేములు.
పాత దుప్పట్లో చుట్టి, స్కూటీ ముందు నిలబెట్టి,
మోకాళ్ళతో అదిమి పట్టుకుని
నాగావళి పాత వంతెన దాటుతున్నాను.
హెల్మెట్ లోపల చెప్పుకుంటున్నాను:
పన్నెండొందలు. ఒక్కోటీ పన్నెండొందలు.
ఫ్రేముతో కలిపి. అద్దంతో కలిపి.
వంతెన అయిపోయేసరికి
అంకె నోట్లో నానిన అటుకులా మెత్తబడింది.

కలెక్టరాఫీసు ఎదురు సందులో నా పని.
ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు, వంద రూపాయలు.
"గెడ్డం కొంచెం పైకి. చెవులు కనపడాలి."
ఆ వంద అడగడానికి
నా గొంతు ఏనాడూ వణకలేదు.
అవి వాళ్ళ మొహాలు కదా.
ఇవేమో నేను చూసినవి.

పళ్ళ డాక్టరు మంచివాడే.
నోట్లో గొట్టంతో ఉన్న పెద్దాయన్ని అలాగే ఉంచి
నా పొందూరు ఫొటో చూశాడు:
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్న మామ్మ.
"దవడ బావుంది. మనిషి నవ్వలేదేం?"
నవ్వేది ఉంటే తెమ్మన్నాడు.
ఆవిడకి పళ్ళు లేవని చెప్పలేదు నేను.

ఏడు రోడ్ల కూడలి దగ్గర లాడ్జి మేనేజరు
ఖాళీ మేకు చూపించాడు.
"ఇక్కడికి గుర్రాలు కావాలి. ఏడు. పరిగెడుతుండాలి."
నా దగ్గర ఒక ఎద్దే ఉంది,
అదీ కూర్చుని నెమరేస్తోంది.

పాలకొండ రోడ్డులో టిఫిను హోటలు.
తవిటినాయుడు గారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవకుండానే
తల వంచి చూశారు.
"ఇది కేరళా?"
"మన ఏరేనండి. మీ వంటింటి వెనక, రెండు వీధుల అవతల."
"మన ఏరు ఇలాగుంటాదేటి?"
"పొద్దున్న అయిదింటికి ఉంటుందండి."
"అయిదింటికి నాను పిండి రుబ్బిస్తాను కదమ్మా"
అన్నారు, తప్పు తనదైనట్టు.
ఎవరో చిల్లర అడిగితే ఫొటోనే చూస్తూ ఇచ్చారు,
పది ఎక్కువిచ్చారు.
"ఎంతేటి?"

పెదవి మీదకి 'ప' దాకా వచ్చింది.
"మీ ఇష్టమండి" అన్నాను.

ఇష్టం ఎంత చవకో అప్పుడే తెలిసింది.
"అయితే ఒగ్గేసి ఎల్లు. గోడ నాది, బొమ్మ నీది.
ఎవులైనా కొంటే మూడొంతుల్లో ఒక వంతు నాకు."
చేతులు కడుక్కునే సింకు పైన
గవరమ్మ మేకు కొట్టింది, పచ్చడి బండతో.
వంకరగా ఉందని నేనంటే
"ఏరు తిన్నగుంటాదేటమ్మా" అంది.
కింద చిన్న చీటీ అంటించాను: నా నంబరు.
రేటు రాసే చోట ఖాళీ.
తిరుగు దారంతా మిగతా అయిదు అద్దాలూ
ఒకదాన్నొకటి కొట్టుకుంటూనే ఉన్నాయి.

వారం రోజులు ఫోన్లే ఫోన్లు.
"ఉప్మా పెసరట్టు ఉందా?"
"నలభై ఇడ్లీ, ఆఫీసుకి, చట్నీ ఎక్కువెయ్యండి."
ఇది హోటలు కాదని రెండుసార్లు చెప్పి చూశాను.
తర్వాత్తర్వాత ఆర్డరు రాసుకుని
నేనే తవిటినాయుడు గారికి ఫోను చేసేదాన్ని.

తొమ్మిదో రోజు ఓ గొంతు, వెనకాల బస్సు హారను:
"ఆ ఫొటోలో ఒడ్డు మీద చెప్పులున్నాయి. ఎవులివి?"

చెప్పులా?
కంప్యూటరు తెరిచి పెద్దది చేసి చూశాను.
ఉన్నాయి. ఎడమ మూల, తడి ఇసకలో,
నీలం పట్టీలు, ఒకటి బోర్లా.
నేను తీసిందే. నేను చూడనిదే.
"తెలీదండి" అన్నాను. "నీళ్ళలో ఎవరూ లేరు."
"అదేనమ్మా. నాలుగ్రోజుల్నుంచి
సెయ్యి కడుక్కుంటా అదే సూస్తన్నాను."

కాసేపు ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.
"ఎంత?"

"పన్నెండొందలు."

"అబ్బో" అన్నాడు.
బస్సు కదిలిన చప్పుడైంది.
ఇంకా లైన్లోనే ఉన్నాడు.